ఎండకు, వానకు, చలికి ఒకటే గ్లవ్స్ అంటే నమ్మొద్దు, నాకు 2,400 బొక్క

అనంతపురం, కర్నూలు, కడపల్లో బైక్ గ్లవ్స్ కొనే ఆలోచనలో ఎవరైనా ఉంటే డబ్బులు ఇచ్చే ముందు ఇది ఒకసారి చదవండి. ‘ఆల్ వెదర్’, ‘వాటర్‌ప్రూఫ్’, ‘ప్యూర్ లెదర్’ అని మూడు మాటలూ ఒకే డబ్బా మీద కనిపిస్తే ఆ డబ్బా తిరిగి అల్మరాలో పెట్టెయ్యమని చెప్పండి. నేను చెప్పలేదు. 2,400 ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను, ఏడాది తిరక్కముందే ఆ మూడూ ఒకదాని తర్వాత ఒకటి అబద్ధమని తేలాయి.

నాది విత్తనాలు, పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ పని. ఒకరోజు గుత్తి, గుంతకల్లు, ఇంకోరోజు కళ్యాణదుర్గం, నెలకు రెండుసార్లు కర్నూలు, అంతా బండి మీదే, రోజుకు వంద కిలోమీటర్లకు తగ్గదు. మూడేళ్లు వట్టి చేతులతోనే తిరిగాను. మణికట్టు దాకా బొగ్గు, చొక్కా చేతుల కింద మామూలు రంగు, చూసినవాళ్లు నవ్వేవాళ్లు. అందుకని ఫిబ్రవరిలో అనంతపురంలో ఒక బైక్ యాక్సెసరీస్ షాపుకు వెళ్లాను. షాపు పేరు రాయను. ఎందుకంటే అదే సరుకు వేరే పేర్లతో ఇంకో నాలుగు చోట్ల చూశాను, పేరు రాస్తే మీరు ఆ ఒక్క షాపును తప్పించుకుని పక్క వీధిలో అదే కొంటారు.

కౌంటర్లో కుర్రోడు భలే చెప్పాడు. "అన్నా, ఇవి వేసుకుంటే మే నెల్లో చల్లగా ఉంటాయి, డిసెంబర్లో వెచ్చగా ఉంటాయి, వానకు చుక్క దిగదు." రెండూ ఎట్లా అవుతాయి తమ్ముడూ అని అడిగాను. "టెక్నాలజీ అన్నా, ఎత్తుకోండి" అన్నాడు. అడగాల్సిన ప్రశ్న అడిగి కూడా ఆ ఒక్క మాటకు పడిపోయాను చూడండి, అదీ నా తెలివి.

మే నెల్లో కర్నూలు ప్రయాణం. పొద్దున తొమ్మిదికే రోడ్డు మీద గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉంది. పామిడి దాటేసరికి గ్లవ్స్ లోపల నీళ్లు పోసినట్టు చెమట. వాటర్‌ప్రూఫ్ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలియదు. పై పొరకూ లోపలి గుడ్డకూ మధ్య సన్నటి పొర ఒకటి కుడతారు, మెంబ్రేన్ అంటారు. ఖరీదైన వాటిలో అది బయటి నీటిని ఆపుతుంది, లోపలి చెమట ఆవిరిని కొంతవరకు వదులుతుంది. చవకవాటిలో ఉండేది మామూలు ప్లాస్టిక్ కవరే. కూరగాయల కవరు చేతికి కట్టుకుని మన ఎండలో నూట యాభై కిలోమీటర్లు పోవడం ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. అసలు ఎంత మంచి మెంబ్రేన్ అయినా నలభై డిగ్రీలు దాటిన రోజు బండి మీద హాయిగా ఉండదు, ఇది ఆ తర్వాత తెలిసింది.

గుత్తి దగ్గర టీకి ఆగి గ్లవ్స్ తియ్యబోతే అసలు సినిమా మొదలైంది. చెమట చేతికి లోపలి గుడ్డ అతుక్కుపోయింది. వేళ్లు లాగితే వేళ్లతో పాటు లైనింగ్ కూడా బయటికి వచ్చేసింది, మేకపొదుగు లాగా ఐదు వేళ్లూ తిరగబడి వేలాడుతున్నాయి. లోపలికి తోద్దామని పెన్ను పెట్టాను, చిటికెన వేలు పోయింది, ఉంగరం వేలు సగం పోయి మెలిపడింది. టీ కొట్టు ముందు పది నిమిషాలు నిలబడి అదే పని. మంచి గ్లవ్స్‌లో లైనింగ్‌ను ప్రతి వేలి కొస దగ్గర పై పొరతో కలిపి కుడతారు లేదా అంటిస్తారు, ఇందులో మణికట్టు దగ్గర ఒక్క కుట్టు వేసి వదిలేశారు. ఇక రంగు. అరచేతులు, గోళ్లు నల్లగా అయ్యాయి. కర్నూల్లో డీలర్ గారికి షేక్‌హ్యాండ్ ఇస్తే ఆయన చేతికి కూడా అంటింది, పాపం ఆయన ఏమీ అనకుండా పంచెకు తుడుచుకున్నాడు. ఇంటికి వస్తే మా ఆవిడ, "ఏంది, బోరు మోటారు విప్పినారా?" అని.

జూన్ చివరికి ‘ప్యూర్ లెదర్’ సంగతి బయటపడింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, క్లచ్ పట్టుకునే చోట, పైన నల్లటి పొర పొట్టు లాగా లేచింది. గోటితో గీకితే కింద తెల్లటి గుడ్డ. అంటే గుడ్డ మీద పూసిన పీయూ అనే ప్లాస్టిక్, రెక్సిన్ జాతి. ఇందులో నా తప్పు కూడా కొంత ఉంది, తీసిన గ్లవ్స్ ట్యాంకు మీద ఎండలో పెట్టేవాణ్ణి. నిజమైన లెదర్ అయినా అట్లా పెడితే బిరుసెక్కి పగులుతుంది, నీడలో ఆరబెట్టాలి. కానీ నాలుగు నెలలకే గుడ్డ బయటపడేది లెదర్ కాదు.

సెప్టెంబర్లో ధర్మవరం నుంచి వస్తుంటే వాన. మన జిల్లాకు వచ్చే వానలో పెద్ద వంతు ఆ రోజుల్లోనే కదా. ఇరవై నిమిషాల వానకే వేళ్ల కొసల్లో నీళ్లు. మెంబ్రేన్ ఉన్నా కుట్టు పడిన ప్రతిచోటా సూది రంధ్రమే, వాటికి టేపు వెయ్యకపోతే నీళ్లు అక్కణ్ణుంచే దిగుతాయి. పోనీ లోపలికి వచ్చిన నీళ్లు బయటికి పోతాయా అంటే అదీ లేదు, ఆ ప్లాస్టిక్ పొర పుణ్యమా అని చేతులు తొట్టిలో పెట్టినట్టు ఉండిపోయాయి. ఆ జత ఆరడానికి మూడు రోజులు పట్టింది, ఆ వాసన గురించి చెప్పను. డిసెంబర్లో తెల్లవారుజామున నాలుగున్నరకు బెంగళూరు బయల్దేరితే పెనుకొండ వచ్చేసరికి బ్రేక్ లివర్ మీద వేళ్లు వంగలేదు. లోపల దూది పొర లాంటిది ఏమీ లేదు, పైగా చెమ్మ. తడి చేతికి గాలి తగిలితే పొడి చేతి కంటే ఎంత ఎక్కువ చలి వేస్తుందో బండి నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇవన్నీ అసౌకర్యాలే, వీటికి ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు. జనవరిలో ఒక మలుపులో ఇసుక మీద బండి జారింది. స్పీడు ముప్పై కూడా లేదు. పడేటప్పుడు ఎవరైనా ముందు అరచేయే ఆనిస్తారు, నేనూ అంతే. లేచి చూసుకుంటే ఎడమ గ్లవ్ చిటికెన వేలి కింద నుంచి మణికట్టు దాకా కుట్టు విప్పినట్టు తెరుచుకుంది, చర్మం ఆ మేరకే లేచిపోయింది. వేళ్ల కణుపుల మీద ‘కార్బన్ ఫైబర్’ అని మెరిసే ముక్క ఊడి రోడ్డు మీద పడింది. చేతిలోకి తీసుకుని వంచితే నీళ్ల బాటిల్ మూత లాగా వంగింది, రంగు వేసిన ప్లాస్టిక్. డాక్టర్ గారు బొటనవేలి మొదట్లో నొక్కి నొక్కి చూశారు. అక్కడ స్కాఫాయిడ్ అని చిన్న ఎముక ఉంటుందంట, చెయ్యి ఆనించి పడేవాళ్లకు మణికట్టులోని చిన్న ఎముకల్లో అదే ఎక్కువగా విరుగుతుందంట, మొదటి ఎక్స్-రేలో ఒక్కోసారి కనపడదంట, మానడానికి నెలలు పడుతుందంట. నా అదృష్టం, విరగలేదు. మంచి గ్లవ్స్‌లో సరిగ్గా ఆ చోటే అరచేతి కింది భాగంలో జారే గట్టి ముక్క ఒకటి పెడతారు, చెయ్యి రోడ్డుకు పట్టుకోకుండా జారిపోవాలని. నా దాంట్లో ఆ చోట స్పాంజి ఉంది.

ఇవన్నీ పట్టుకుని షాపుకు పోతే ఓనర్ గారు బిల్లు అడిగారు. నా దగ్గర ఉన్నది కార్బన్ పేపర్ పెట్టి రాసిన చీటీ, దాని మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని స్టాంపు. "సంవత్సరం వాడి ఇప్పుడు వస్తే ఎట్లా సార్?" అన్నాడు. కోపం వచ్చింది కానీ ఆ మాటలో సగం నిజం ఉంది, అదే మీకు ముఖ్యంగా చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పే. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తెస్తే వాపసు తీసుకోనని అనడం కూడా అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది, స్టాంపు కొట్టుకున్నంత మాత్రాన తప్పించుకోలేరు. నేను ఫిబ్రవరిలో కొని మే దాకా సరిగా వాడనే లేదు. ఆ 30 రోజులూ డబ్బాలోనే గడిచిపోయాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, అది ఇంకా నడుస్తోంది.

కాబట్టి అసలు బిల్లు తీసుకోండి, కొన్న వారంలోనే పరీక్ష పెట్టండి. వాటర్‌ప్రూఫ్ అని కొంటే ఇంటికి రాగానే లోపల టిష్యూ కాగితం పట్టుకుని గ్లవ్ వేసుకుని మణికట్టు కింది వరకు బకెట్లో ముంచండి, పది నిమిషాలు వేళ్లు ఆడిస్తూ ఉండండి. పై పొర తడిస్తే ఫర్వాలేదు, కాగితం తడిస్తే మర్నాడే షాపుకు పోండి. అదే రోజు ఇంకో పని, చేతులు కొంచెం తడి చేసుకుని పదిసార్లు వేసి తియ్యండి. లైనింగ్ రాకూడదు, రంగు అంటకూడదు.

షాపులోనే చూడాల్సినవి కూడా ఉన్నాయి. హెల్మెట్‌కు మన దగ్గర ఐఎస్ఐ తప్పనిసరి, గ్లవ్స్‌కు అట్లాంటిది లేదు, అందుకే ఎవరికి తోచింది వాళ్లు అచ్చేస్తున్నారు. యూరప్ వాళ్ల బైక్ గ్లవ్స్ ప్రమాణం ఈఎన్ 13594. నిజంగా పరీక్ష పాసైన జతలో లోపల కుట్టిన లేబుల్ మీద బైక్ మనిషి బొమ్మ, ఈ నంబరు, లెవల్ 1 లేదా 2, కణుపుల రక్షణ కూడా పరీక్షించి ఉంటే కేపీ అని అక్షరాలు ఉంటాయి. డబ్బా మీద యూరప్ నియమాలకు సరిపోయిందని చెప్పే ‘సీఈ’ గుర్తు వట్టి రెండక్షరాలుగా ఉంటే దానికి విలువ ఇవ్వకండి, నా డబ్బా మీద కూడా అది బంగారు రంగులో ఉంది. లెదర్ అంటే కత్తిరించిన అంచు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి, మణికట్టు పట్టీ దగ్గర దొరుకుతుంది. లెదర్ అయితే పీచు పీచుగా ఉంటుంది, పీయూ అయితే గుడ్డ పోగులు కనిపిస్తాయి. పట్టీ బిగించుకుని రెండో చేత్తో వేళ్ల కొసలు పట్టి గట్టిగా లాగండి, చేతిలోంచి ఊడి వచ్చేది పడినప్పుడు కూడా ఊడుతుంది. వేసుకుని వట్టి పిడికిలి పట్టి బాగుంది అనుకోవద్దు, బయట మీ బండి ఉంటుంది కదా, దాని మీద కూర్చుని క్లచ్, బ్రేక్ నొక్కి, ఇండికేటర్ వేసి చూడండి. అరచేతిలో మడత పడితే సైజు పెద్దది, నాలుగు రోజుల్లో బొబ్బ వస్తుంది.

ఇప్పుడు నేను వాడుతున్నది ఏమిటని అడుగుతారు. మా అనంతపురానికి ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ. పది నెలలు ఎండకు తిరిగేవాడికి వాటర్‌ప్రూఫ్ గ్లవ్స్ అనవసరం, అరచేతి వైపు మేకతోలు, వెనక వైపు గాలి పోయే జాలీ గుడ్డ ఉన్న జత చాలు. వాన కోసం వాటి మీద తొడుక్కునే పల్చటి రెయిన్ కవర్లు సీటు కింద పెట్టుకున్నాను. రెయిన్ కోటు చేతులు వాటి మీదకు రావాలి, లోపలికి దోపితే భుజం మీంచి జారిన నీళ్లు నేరుగా గ్లవ్‌లోకే. ఆ కవర్లు లివర్ మీద కొంచెం జారుతాయి, మొదటిసారి ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా అలవాటు చేసుకోండి. చలికి లోపల సన్నటి ఉన్ని గ్లవ్స్, పైన అవే రెయిన్ కవర్లు, గాలి ఆగుతుంది. ఉన్నివి వేసుకుంటే బిగుతుగా ఉండకూడదు, రక్తం ఆడకపోతే చలి ఇంకా ఎక్కువ. అన్నీ కలిపి నాకు 2,900 అయింది, ముందు తగలేసిన దానికంటే 500 ఎక్కువ, అంతే.

కడప వాళ్లకు ఇదే లెక్క సరిపోదు. నవంబర్లో వరసగా వానలు పట్టుకుంటాయి, గువ్వలచెరువు ఘాట్లో వానలో లివర్ మీద పట్టు జారితే ఇబ్బంది, రోజూ ఆ దారిలో పోయేవాళ్లు మంచి మెంబ్రేన్ ఉన్న జత విడిగా కొనుక్కోవడమే నయం. ఆత్మకూరు మీదుగా శ్రీశైలం పోయే కర్నూలు వాళ్లకు నల్లమలలో పొద్దున చలి, మధ్యాహ్నం కర్నూల్లో సెగ, రెండూ ఒకే రోజు తగులుతాయి కాబట్టి లోపల ఒకటి బయట ఒకటి వేసుకునే పద్ధతే మేలు.

పాత జత పారెయ్యలేదు, ఫిర్యాదుకు కావాలి కదా. కుడి చేతిది మాత్రం మా ఆవిడ గులాబీ కొమ్మలు కత్తిరించేటప్పుడు అప్పుడప్పుడు తీసుకుంటోంది. ఉంగరం వేలు ఇప్పటికీ లోపలికి పోవట్లేదంట.