పిల్లలకు శిల్పకళ చూపిస్తామనే హంపి ప్యాకేజీలతో జాగ్రత్త

సంక్రాంతి సెలవులకు హంపి ప్యాకేజీ బుక్ చేద్దామనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది ఒక్కసారి చదవండి. ముఖ్యంగా ‘పిల్లలకు స్పెషల్’, ‘ఆర్కిటెక్ట్‌తో కలిసి వారసత్వ యాత్ర’ అని వాట్సాప్‌లో పోస్టర్ వచ్చినవాళ్లు. మొన్న దసరా సెలవుల్లో మేం అలాంటి దానికే 26,000 రూపాయలు కట్టి మోసపోయాం. హైదరాబాద్ నుంచి శుక్రవారం రాత్రి బస్సు, రెండు రోజులు హంపి, సోమవారం పొద్దున్నకల్లా ఇల్లు. పెద్దవాళ్లకు మనిషికి 7,500, పిల్లలకు 5,500. మాకు పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు.

పోస్టర్‌లో ఏం రాశారో చెబుతాను. పదిహేను కుటుంబాలే ఉంటాయి. ఆర్కిటెక్ట్ ఒకరు రెండు రోజులూ వెంట ఉంటారు. పిల్లలు ప్రతి కట్టడం దగ్గరా కూర్చుని బొమ్మలు గీసుకుంటారు. బస హంపికి దగ్గర్లోనే. మా పాపకు కట్టడాలంటే పిచ్చి. గోల్కొండ కోట కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపించడం చూసినప్పటి నుంచి ఎక్కడ గోపురం కనిపించినా ‘ఇది ఎలా నిలబడింది?’ అని అడుగుతుంది. అందుకే ఈ పోస్టర్ చూడగానే రెండో ఆలోచన లేకుండా అడ్వాన్స్ పంపేశాను. ఎవరో ఒక వ్యక్తి పేరు మీదున్న నంబరుకు యూపీఐ చేశాను, రసీదు అడగలేదు. మీరు మాత్రం ఈ తప్పు చేయకండి.

బస్సు ఎక్కాక చూస్తే అన్ని సీట్లూ నిండి, వెనక రెండు బెంచీలు అదనంగా వేసి ఉన్నాయి. ఎక్కినవాళ్లలో సగం మందికి పిల్లలే లేరు. ఆర్కిటెక్ట్ ఏరండీ అని అడిగితే ‘ఆయనకు ఒంట్లో బాగాలేదు, అక్కడ వేరే ఎక్స్‌పర్ట్ వస్తారు’ అన్నారు. ఆ వచ్చిన ఎక్స్‌పర్ట్ ఇరవై ఏళ్ల కుర్రాడు, మెడలో గుర్తింపు కార్డు కూడా లేదు. బస హోస్పేట అవతల హైవే మీద లాడ్జి. పొద్దున అక్కడి నుంచి కదిలేసరికే పదిన్నర.

విఠ్ఠల ఆలయానికి మిట్ట మధ్యాహ్నం తీసుకెళ్లారు. అక్కడ కార్లు, బస్సులు ఆగే చోటు నుంచి గుడిదాకా కిలోమీటరు దూరం బ్యాటరీ బండ్లలో వెళ్లాలి. సెలవుల రోజు కదా, క్యూలోనే ముప్పావు గంట పోయింది. తీరా లోపలికి వెళ్లాక ఆ కుర్రాడు ‘ఇరవై ఐదు నిమిషాలు, ఫొటోలు తీసుకుని రండి’ అన్నాడు.

మా పాప ఇంటి నుంచే కొత్త యాభై రూపాయల నోటు జాగ్రత్తగా పుస్తకంలో పెట్టుకుని తెచ్చుకుంది. దాని వెనకున్న బొమ్మ ఈ రాతి రథమే. నోటును రథానికి ఎదురుగా పట్టుకుని ఒక్కొక్కటీ పోల్చి చూడాలని దాని కోరిక. రథం ముందు ఏనుగులు ఉంటాయి. కానీ వాటి వెనకగా వంగి చూస్తే గుర్రాల వెనక కాళ్లు, తోకలు రాతిలో ఇంకా మిగిలి ఉన్నాయి. అంటే మొదట అక్కడున్నవి గుర్రాలు, ఏనుగుల్ని తర్వాత తెచ్చిపెట్టారు. చూడ్డానికి ఒకే బండలా ఉన్నా, అతుకులు తెలియకుండా రాళ్లు పేర్చి కట్టింది ఆ రథం. నిజానికి అది విఠలుడికి ఎదురుగా గరుత్మంతుడికి కట్టిన గుడి. ఇవన్నీ నేను ముందే చదువుకుని వెళ్లాను కాబట్టి పాపకు చెప్పగలిగాను. వెంట వచ్చిన గైడ్ నోట ఇందులో ఒక్క ముక్క రాలేదు. పైగా మండపం దగ్గర నాణెం తీసి సంగీత స్తంభం మీద టకటకా కొట్టి చూపించాడు. ఆ స్తంభాల్ని అలా కొట్టి కొట్టి పాడుచేస్తున్నారనే వాటిని ముట్టుకోవద్దని ఆంక్ష పెట్టారు. కాపలా ఆయన ఈల వేసుకుంటూ పరిగెత్తుకొచ్చి, పిల్లలున్నారని కూడా చూడకుండా అందర్నీ తిట్టాడు. ఆయన తప్పేమీ లేదు. ఏ పాపం ఎరగని మా చిన్నోడు మాత్రం భయపడి నా చీర కొంగు వదల్లేదు.

ఇక ‘యాక్టివిటీ కిట్’. పిల్లకు 600 చొప్పున ఇద్దరికీ 1,200, ఇది ప్యాకేజీకి అదనం. అందులో నాలుగు జిరాక్స్ కాగితాలు, విరిగిన క్రేయాన్ల డబ్బా. ఒక కాగితం మీద ‘హంపి రథ చక్రం’ అని రాసి చక్రం బొమ్మ ఉంది. మా పాప దాని ఆకులు, అంటే నడిమి నుంచి అంచుదాకా ఉండే కమ్మీలు, లెక్కపెట్టింది. ఎనిమిది లావువి, ఎనిమిది సన్నవి. రాతి రథం చక్రాల మీద అలాంటి ఆకులు లేవు, పువ్వులా చుట్లు చుట్లుగా చెక్కడం ఉంది. ‘అమ్మా, ఇది ఇక్కడిది కాదు కదా’ అంది. అది ఒడిశాలోని కోణార్క సూర్యదేవాలయం చక్రం. పదకొండేళ్ల పిల్ల పట్టుకున్న తప్పు, 600 రూపాయలు తీసుకున్నవాళ్ల కంట పడలేదు.

టికెట్ల విషయం ఇంకా జాగ్రత్తగా చూడండి. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. మా దగ్గర మాత్రం పిల్లలిద్దరికీ టికెట్ డబ్బులు తీసుకున్నారు. విఠ్ఠల ఆలయంలో కొన్న టికెట్ అదే రోజు జనానా (రాణివాసం) ప్రాంగణంలోనూ, కమలాపురం మ్యూజియంలోనూ చెల్లుతుంది. ఆ సంగతి దాచి జనానా గేటు దగ్గర మళ్లీ వసూలు చేశారు. మొత్తం చూస్తే చిన్న మొత్తమే, కానీ బస్సు నిండా జనం నుంచి ఇలాగే తీసుకున్నారు. లోటస్ మహల్ బయట నుంచే చూపించి, హజార రామాలయం అసలు ఎగ్గొట్టి, ఆ సమయమంతా, అంటే దాదాపు రెండు గంటలు, ఒక దుకాణం ముందు బస్సు ఆపేశారు. రాళ్ల దండలు, చీరలు అమ్మే చోటు. పిల్లలు మెట్ల మీద కూర్చుని నిద్రపోయారు.

రెండో రోజు పొద్దున మావారు ‘ఇక చాలు, మన దారి మనం చూసుకుందాం’ అన్నారు. బస్సు దిగి ఆటో మాట్లాడుకుని విరూపాక్ష ఆలయానికి వెళ్లాం. గుడి బయట టూరిజం శాఖ కార్డు మెడలో వేసుకున్న పెద్దాయన ఒకరు దొరికారు. రేటు ముందే చెప్పారు, తెలుగు బాగా మాట్లాడారు. నేరుగా గర్భగుడి వెనక వైపు ఒక చీకటి మండపంలోకి తీసుకెళ్లి, గోడ మీద ఏముందో చూడమన్నారు పిల్లల్ని. ముందు ఏమీ తెలియలేదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, గోడ మీద తూర్పు రాజగోపురం తలకిందులుగా కనిపించింది. తొమ్మిది అంతస్తులు, దాదాపు యాభై మీటర్ల గోపురం, శిఖరం నేలవైపుకు పెట్టుకుని. చిన్నోడు వెళ్లి చెయ్యి అడ్డం పెట్టాడు. గోపురం వచ్చి వాడి అరచేతిలో పడింది. వాడు చెయ్యి కదపకుండా అలాగే నిలబడిపోయాడు.

‘ఎందుకు తిరగబడిందో చెప్పు చూద్దాం తల్లీ’ అన్నారు పెద్దాయన. పాప కాసేపు అటూ ఇటూ చూసి, ఎదురు గోడలో చిన్న కన్నం కనిపెట్టింది. ‘స్కూల్లో అట్టపెట్టెతో చేశాం తాతగారూ, పిన్‌హోల్ కెమెరా! పైనుంచి వచ్చే వెలుగు కిందికీ, కిందనుంచి వచ్చేది పైకీ పోతుంది’ అని ఎగిరి గంతేసింది. ఈ ఒక్క పావుగంట కోసమే నేను ఆ ప్యాకేజీ కొన్నది. దానికి ప్యాకేజీ బయటికి రావాల్సి వచ్చింది.

ఆ తర్వాత హజార రామాలయం గోడల మీద రామాయణం వరసగా చదివించారు. శ్రవణ కుమారుణ్ణి మా చిన్నోడే గుర్తుపట్టాడు. గజశాలలో పదకొండు గదుల మీద గుమ్మటాలు రకరకాలుగా ఉంటాయి. నడిమి గదికి అటొకటీ ఇటొకటీ జతలు వెతకమని పిల్లలకు పోటీ పెట్టారు. మూడు గంటలు ఇట్టే గడిచాయి, ఒక్కరూ ‘కాళ్లు నొప్పి’ అనలేదు.

ఇంటికి వచ్చాక నిర్వాహకుడికి ఫోన్ చేసి సగం డబ్బైనా వెనక్కి ఇమ్మన్నాను. ‘నాన్ రిఫండబుల్ మేడం, మీరే మధ్యలో దిగిపోయారు’ అన్నాడు. వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటోలతో సహా రాస్తే అరగంటలో నన్ను తీసేశాడు. పోస్టర్, యూపీఐ స్క్రీన్‌షాట్లు, కోణార్క చక్రం కాగితం అన్నీ దాచాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదైంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు ఉండదు, నాలాంటి వాళ్లకు ఆ భయం అక్కర్లేదు.

మీరు బుక్ చేసేటట్టయితే, ఏ కట్టడం దగ్గర ఎంతసేపు ఆగుతారో గంటల లెక్కన రాయించుకోండి. నోటి మాట నమ్మకండి. వెంట వచ్చే ఆర్కిటెక్ట్ పేరు అడగండి, వీలైతే ఆయనతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి. ఆయన రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారో కూడా రాతలో ఉండాలి. దుకాణాల దగ్గర ఆపుతారా అని సూటిగా అడగండి. సంస్థ పేరుతో బిల్లు ఇవ్వనంటే ఇక ఆ మాట అక్కడితో ఆపేయండి. ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు బ్యాలెన్స్ పంపకముందే ఇవన్నీ అడిగి, జవాబులు మెసేజ్ రూపంలో తీసుకోండి. నా ఫిర్యాదు ఏమైందో తేలగానే ఇక్కడే రాస్తాను.