శిల్పి సంపాదన పిల్లలకా, అకాడమీకా: ఏది మేలు?

చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రమెక్కి కూర్చున్న థామస్ మన్రో విగ్రహం చూసినవాళ్లకు దాన్ని చేసిన ఇంగ్లీషు శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ పేరు తెలియకపోయినా ఆయన పని తెలిసినట్టే. దత్తమండలాలకు కలెక్టరుగా చేసి, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మన్రో మన సీమవాళ్లకు కొత్త మనిషి కాదు. ఆ గుర్రానికి జీనూ లేదు, రికాబులూ లేవు. శిల్పి మరిచిపోయాడని కథలు చెబుతారు గానీ, లండన్‌లో ఆయనే చేసిన నాలుగో జార్జి రాజు విగ్రహానికీ అవి లేవు. మరుపు రెండుసార్లు రాదు కదా!

చాంట్రీ 1781లో షెఫీల్డ్ దగ్గర నార్టన్‌లో పుట్టాడు. తండ్రి వడ్రంగి, కొద్దిపాటి సేద్యం కూడా ఉండేది. చాంట్రీ చిన్నప్పుడే తండ్రి పోయాడు. కుర్రవాడు షెఫీల్డ్‌లో చెక్క చెక్కే పనివాడి దగ్గర చేరి, ఒప్పందం గడువు తీరకముందే డబ్బు కట్టి బయటపడ్డాడు. 1809లో దగ్గరి బంధువు మేరీ ఆన్ వేల్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె తెచ్చిన సొమ్ముతో అప్పులు తీరాయి, ఇల్లూ పనిశాలా లేచాయి. ఆ తర్వాత రాజులు, మంత్రులు, శాస్త్రవేత్తలు వరస కట్టారు. 1835లో సర్ బిరుదూ వచ్చింది. పిల్లలు మాత్రం లేరు.

1841లో చనిపోయేటప్పటికి ఆయన వీలునామా సిద్ధంగా ఉంది. భార్య తదనంతరం ఆస్తి లండన్‌లోని కళాకారుల సంస్థ రాయల్ అకాడమీ చేతికి పోవాలి, దాని మీద వచ్చే రాబడితో బ్రిటన్ గడ్డ మీద తయారైన మేటి చిత్రాలు, శిల్పాలు దేశం కోసం కొనాలి. ఆమె 1875లో పోయాక లక్షా ఐదు వేల పౌన్ల నిధి అకాడమీకి దక్కింది.

చాంట్రీ సొమ్ము అకాడమీకి ఇస్తే, పనితనాన్ని పిల్లలకిచ్చిన రెండో ఇల్లు థార్నీక్రాఫ్ట్‌లది. ఇక్కడ మొదట చెప్పుకోవలసింది మేరీ గురించి. ఆమె తండ్రి జాన్ ఫ్రాన్సిస్ శిల్పి. కూతురికి తనే పని నేర్పాడు. చెషైర్ రైతుబిడ్డ థామస్ థార్నీక్రాఫ్ట్ ఆయన దగ్గర శిష్యుడిగా చేరి, 1840లో గురువుగారి అమ్మాయినే చేసుకున్నాడు. ఇద్దరూ రోమ్ వెళ్లారు. అక్కడున్న శిల్పి జాన్ గిబ్సన్ మెచ్చి విక్టోరియా రాణికి సిఫార్సు చేసింది మేరీనే. రాణిగారి పిల్లలను నాలుగు ఋతువులుగా పాలరాతిలో చెక్కింది ఆమే. యువరాణి లూయీజ్‌కు శిల్పం నేర్పిందీ ఆమే. థామస్‌కు మాత్రం రథమెక్కిన బొడిసియా (రోమన్ల మీద తిరగబడ్డ పాతకాలపు బ్రిటన్ రాణి) విగ్రహం మీదే ధ్యాస. 1850లలో మొదలుపెట్టి 1885లో పోయేదాకా దాన్నే పట్టుకున్నాడు. అది వెస్ట్‌మినిస్టర్ వంతెన పక్కన నిలబడింది 1902లో! ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లో రోజు గడవాలంటే మేరీ లాంటి పనిమంతురాలు ఉండాల్సిందే అనిపిస్తుంది నాకు.

థామస్‌కు యంత్రాల పిచ్చి కూడా ఉండేది. అది పెద్దకొడుకు జాన్‌కు అబ్బింది. అతను చిజిక్‌లో పడవలు కట్టి, బ్రిటిష్ నౌకాదళానికి మొదటి టార్పెడో బోటు ‘లైట్నింగ్’ అందించాడు. చిన్నకొడుకు హామో శిల్పి. కూతుళ్లు అలిస్, హెలెన్, థెరెసా కూడా కళలోనే పెరిగారు. మొదటి ప్రపంచ యుద్ధపు కవి సీగ్‌ఫ్రిడ్ ససూన్ థెరెసా కొడుకు.

మరి ఏది మేలు? కాగితం మీద చూస్తే చాంట్రీ పద్ధతే న్యాయం. పేరున్న తాత, రాణిగారి పరిచయం ఉన్న తల్లి అందరికీ ఉండరు. చాంట్రీకే లేరు. అలాంటి కుర్రవాళ్లకు ఆ నిధి అండగా నిలవాలి. జరిగింది వేరు. అకాడమీ తన సభ్యుల బొమ్మలే ఎక్కువగా కొంటోందన్న విమర్శ ముదిరి, 1904లో బ్రిటిష్ పార్లమెంటులోని ప్రభువుల సభ కమిటీ వేసి విచారించేదాకా వెళ్లింది. డబ్బు ఇచ్చినాయన పోయాడు, ఎంపిక చేసేవాళ్లకు తమవాళ్లే కనబడ్డారు. దానికితోడు శిల్పి కూడబెట్టిన సొమ్ములో ఎక్కువ భాగం చిత్రాలకే పోయింది.

తమాషా ఏమిటంటే, 1882లో అదే నిధి హామో చేసిన ‘ట్యూసర్’ కంచు శిల్పాన్ని కొన్నది. బాణం వదిలి, అది ఎక్కడ తగులుతుందో చూస్తూ బిగుసుకుని నిలబడ్డ గ్రీకు కథల విలుకాడు ఈ ట్యూసర్. ఇంగ్లీషు శిల్పం కొత్త దారి పట్టిందని చెప్పడానికి ఇప్పటికీ చూపించే పనుల్లో అదొకటి. నిధి చేసిన మంచి కొనుగోళ్లలో ఒకటి ఇలా థార్నీక్రాఫ్ట్ ఇంటికే చేరింది.

అందుకే నా ఓటు థార్నీక్రాఫ్ట్‌లకే. మట్టి ఎలా తడపాలో, ఇనుప చట్రం ఎక్కడ కట్టాలో పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే, వీలునామాలో రాసిస్తే రాదు. కాకపోతే ఒక్క షరతు: నేర్పేది కడుపున పుట్టినవాళ్లకే కానక్కర్లేదు. రైతుబిడ్డ థామస్‌ను జాన్ ఫ్రాన్సిస్ పనిశాలలోకి రానివ్వకపోతే ఈ కుటుంబమే లేదు.