లాటరీ నంబర్లు చెప్పే ఎక్సెల్ షీట్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

పాత డ్రాల లెక్క చూసి తర్వాత వచ్చే నంబర్లు చెప్తుందంటూ ఆన్‌లైన్‌లో ఎక్సెల్ షీట్లు అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. అలాంటిదొకటి కొని, లోపల ఏముందో సెల్ సెల్ విప్పి చూశాను. అది శుద్ధ మోసం.

ప్రకటనలో వాళ్లు గొప్పగా చూపించేది ఒక పట్టిక. ఎడమవైపు జరిగిపోయిన డ్రాలు, కుడివైపు 'షీట్ ముందే చెప్పిన' నంబర్లు. చాలా వరుసల్లో నాలుగేసి, ఐదేసి నంబర్లు కలిసి ఆకుపచ్చగా మెరుస్తుంటాయి. ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. నేను ఒక పాత డ్రా తీసుకుని, అందులో 17 ఉన్నచోట 38 అని కొట్టాను. పక్కనున్న 'ముందే చెప్పిన' నంబర్లలో కూడా 17 పోయి 38 వచ్చింది! అంటే ఆ ఫార్ములా అదే వరుసలో ఉన్న ఫలితాన్ని చదువుకుంటోంది. కీ చూసి జవాబులు దిద్దుకుని, నూటికి తొంభై తెచ్చుకున్నానని చెప్పుకోవడం లాంటిది ఇది.

రాబోయే డ్రాకి చెప్పే నంబర్ల సంగతి ఇంకా ఘోరం. షీట్‌ని మళ్లీ లెక్కించమని చెప్పే ఎఫ్9 కీ నొక్కితే ఆరు నంబర్లూ మారిపోతాయి. మళ్లీ నొక్కితే మళ్లీ వేరేవి. దాచిపెట్టిన కాలమ్ తెరిస్తే అక్కడున్నది ర్యాండ్‌బిట్వీన్ ఫంక్షన్. తోచిన నంబరేదో తీసిచ్చే ఫంక్షన్ అది, ఎక్సెల్ ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఉచితంగానే ఉంటుంది.

'హాట్' (తరచూ వచ్చేవి), 'కోల్డ్' (అరుదుగా వచ్చేవి) నంబర్ల పేజీలో మాత్రం లెక్క నిజమైనదే, దానికి చెప్పే అర్థమే తప్పు. 49లో 6 తీసే లాటరీలో 100 డ్రాలకి ఒక్కో నంబరు సగటున 12 సార్లు వస్తుంది. కానీ ఏ పక్షపాతం లేకపోయినా, ఒకటి 20 దాకా, ఇంకొకటి 5, 6 సార్లే రావడం మామూలే. మీరే చూసుకోవచ్చు. ఖాళీ షీట్‌లో 1 నుంచి 49 వరకు రాసి, ఒక్కోదాని పక్కన తోచిన దశాంశ సంఖ్య ఇచ్చే ర్యాండ్ ఫంక్షన్ పెట్టి, దాని ప్రకారం సార్ట్ చేసి పైన ఉన్న ఆరు తీసుకోండి. ఇలా ఓ వంద డ్రాలు పోగేసి ఒక్కో నంబరు ఎన్నిసార్లు వచ్చిందో కౌంట్‌ఇఫ్ ఫంక్షన్‌తో లెక్కపెడితే, మీ ఉత్తుత్తి లాటరీలోనూ హాట్, కోల్డ్ నంబర్లు కనబడతాయి. బంతులకి కిందటి డ్రా గుర్తుండదు కదా!

'మొన్ననే వచ్చింది కాబట్టి ఇప్పట్లో రాదు' అనే నియమం కూడా అందులో ఉంది. కానీ 2009 సెప్టెంబరులో బల్గేరియా లాటరీలో వరుసగా రెండు డ్రాల్లో 4, 15, 23, 24, 35, 42 అనే ఆరు నంబర్లే వచ్చాయి. దర్యాప్తు కూడా జరిపారు, అవకతవకలేమీ బయటపడలేదు.

ఎక్సెల్ నిజంగా చెప్పగలిగింది ఒకటుంది. ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో లెక్కకట్టే కాంబిన్ ఫంక్షన్‌లో 49, 6 ఇస్తే 1,39,83,816 వస్తుంది. ఒక్క టికెట్‌కి జాక్‌పాట్ అవకాశం ఆ 1,39,83,816లో ఒకటి. ఏ నంబర్లు ఎంచుకున్నా అంతే. పుట్టినరోజుల కోసం చాలామంది 31 లోపు నంబర్లే పెడతారు కాబట్టి, పెద్ద నంబర్లు కలిపితే గెలిచినప్పుడు పంచుకునేవాళ్లు తగ్గొచ్చు. గెలిచే అవకాశం మాత్రం రవ్వంత కూడా పెరగదు.

17, 38 సంగతి స్క్రీన్‌షాట్లతో సహా అమ్మినాయనకి పంపాను. డిజిటల్ ఫైల్‌కి రీఫండ్ ఉండదన్నారు. అయితే వచ్చే డ్రా నంబర్లు ఇవాళే రాసి పంపండి, డ్రా అయ్యాక చూద్దాం అన్నాను. బ్లాక్ చేసేశారు. మీరు ఈ ప్రశ్న డబ్బు కట్టకముందే అడగండి. ఇప్పటికే కొన్నవాళ్లు చెల్లింపు చేసిన యాప్‌లోనో బ్యాంకులోనో వెంటనే ఫిర్యాదు పెట్టండి, ఆలస్యమైతే గడువు దాటిపోవచ్చు. ఫైల్ తెరవగానే మ్యాక్రోలు (ఫైల్‌లో దాచి ఉండే చిన్న ప్రోగ్రాములు) ఎనేబుల్ చేయమని అడిగితే మాత్రం అస్సలు ఒప్పుకోకండి. ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన మ్యాక్రో మీ కంప్యూటర్‌లో ఏమైనా చేయగలదు.