తోజర్‌లో ఖర్జూరం కొనేముందు డబ్బా వెనుక చదవండి

ట్యునీషియాలో మేము గడిపిన ఎనిమిది రోజులలో ట్యూనిస్, కైరవాన్ నగరాల గురించి ఫిర్యాదు చేయవలసినది ఏమీ లేదు. నా కోపమంతా ఆ దేశపు నైరుతిన ఉన్న ఒయాసిస్సు పట్టణం తోజర్‌లోని ఒక గుర్రపుబండివాని మీదనే. ఒయాసిస్సు చూపిస్తానని గంటకు 40 దినార్లు మాట్లాడుకొని, అందులో ఇరవై నిమిషాలు తనకు తెలిసిన దుకాణం ముందు బండి ఆపాడు. అక్కడ మొదటి రకం దెగ్లెత్ నూర్ జాతి ఖర్జూరం అంటూ కిలో డబ్బాను 28 దినార్లకు అంటగట్టారు. బసకు వచ్చి విప్పితే పండ్లు నూనె రాసినట్లు మెరుస్తూ వేళ్లకు జిగటగా అంటుకున్నాయి; డబ్బా వెనుక సన్నని అక్షరాలలో గ్లూకోజ్ పాకం అని ఉంది. మా ఆవిడ మాట్లాడకుండా మూత పెట్టి దానిని పెట్టె అడుగుకు తోసింది. తిట్టినా బాగుండేది.

మరునాడు కాలినడకన తోటలకు వెళ్లాము. అక్టోబరు చివర కనుక కోతలు సాగుతున్నాయి. పైన ఖర్జూరం, దాని నీడలో దానిమ్మ, అత్తి, నేల మీద కూరమళ్లు. ఈ మూడంతస్తుల సేద్యానికి నీటి వంతులను 13వ శతాబ్దంలో ఆ ఊరి పండితుడు ఇబ్న్ షబ్బాత్ లెక్కగట్టాడు. చెట్టెక్కిన మనిషి గెల కోసి, నేలకు తగలనీయకుండా, మాను పొడవునా నిలుచున్నవారి చేతుల మీదుగా దించాడు. వసంతంలో మగచెట్టు పూరెమ్మలను ఆడ పూగుత్తులలో చేతితో కట్టకపోతే సరైన కాపు ఉండదని తోట యజమాని సైగలతోనే వివరించి, ఒక పండును ఎండకు అడ్డంగా పట్టి చూపాడు. తేనెరంగు గుజ్జులో గింజ నీడలా కనిపించింది. నూర్ అంటే వెలుగు అని అప్పుడు అర్థమైంది. రెమ్మలతో ఉన్న పండ్లు కిలో 9 దినార్లకే ఇచ్చాడు.

కైరవాన్‌లో తిన్న మఖ్‌రూద్, అనగా రవ్వపిండిలో ఖర్జూరపు ముద్ద పొదిగి నూనెలో వేయించి పాకంలో ముంచినది, నాకు మరీ తీపి అనిపించింది. ఆ తోట ఇంటివారు పెట్టిన రఫీస్ మాత్రం వేరు. రవ్వరొట్టెను తునకలు చేసి, ఖర్జూరం, వెన్న కలిపి మెదిపారు. మా ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, ఇది మా అమ్మ సద్దుల బతుకమ్మకు చేసే మలీదే, బెల్లం బదులు ఖర్జూరం వేశారు, అంతే అన్నది. ముందురోజు నుంచి నాతో ఆమె అన్న మొదటి మాట అదే.