ఎంఏ పట్టానా, నమూనా పాఠాలా?

శ్రీకాకుళంలో బీఈడీ చేసి, ప్రైవేటు బడిలో చెబుతూ, బోధనా రూపకల్పన (ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్, అంటే పాఠాలను, శిక్షణను పద్ధతిగా తయారుచేసే పని) వైపు చూసేవారికి రెండు దారులున్నాయి. మొదటిది ఇగ్నో ఎంఏ ఎడ్యుకేషన్: దూరవిద్య, కనీసం రెండేళ్లు. ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది, ఉద్యోగం మానక్కరలేదు. సిద్ధాంతం గట్టిపడుతుంది, విద్యాసంస్థల్లో పట్టాకు విలువ ఉంటుంది. కంప్యూటర్ పాఠాలు తయారుచేసే స్టోరీలైన్ లాంటి సాఫ్ట్‌వేర్లను మాత్రం విడిగా సాధన చేయాల్సిందే.

రెండోది చిన్న సర్టిఫికెట్ కోర్సు, దానితోపాటు సొంత నమూనాలు. కార్పొరేట్ శిక్షణ రంగంలో సర్టిఫికెట్ కన్నా చేసిన పని చూపించమనే వారే ఎక్కువ. ఉదాహరణకు, పలాస జీడి కార్ఖానాలో కొత్తగా చేరినవారి కోసం ఒక పాఠం కట్టండి. జీడిపెంకు నూనె చర్మాన్ని కాలుస్తుంది. తెరపై గింజల గంప, పక్కన చేతొడుగులు. ముందు దేన్ని అందుకోవాలో నేర్చుకునేవారే ఎంచుకోవాలి, తప్పుగా ఎంచుకుంటే ఫలితం అక్కడే కనిపించాలి. ఇందుకు ఇలాంటి పాఠాలు తయారుచేసే హెచ్5పీ (H5P) సాఫ్ట్‌వేర్ చాలు, అది ఉచితం.

1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో అమెరికా సైన్యం కోసం రూపుదిద్దుకున్న ఆడీ (ADDIE: విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అనే అయిదు దశల) పద్ధతి రెండు దారుల్లోనూ తగులుతుంది. దాని కోసమే వేలకు వేలు ఫీజు కట్టడం దండగ!

బీఈడీ ఉన్నవారికి నా ఓటు రెండోదానికే. కళాశాలలో పాఠ్యరూపకల్పన చేయాలనుకుంటే ఎంఏలో చేరండి.