రేడియేషన్ తగిలిన దవడలో రెండు ఇంప్లాంట్లు: నాలుగేళ్ల అనుభవం

నాలుక కింద వచ్చిన క్యాన్సర్‌కు ఆపరేషన్ చేశాక నాకు 30 సిట్టింగుల్లో మొత్తం 60 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) రేడియేషన్ ఇచ్చారు. అంతకు ముందే కింది పళ్లన్నీ తీసేశారు. తర్వాత మామూలు కట్టుడు పళ్లు పెట్టుకున్నాను కానీ నిలవలేదు. ఆ సెట్టు చిగురుకు అంటుకుని ఉండాలంటే లాలాజలం కావాలి, రేడియేషన్ వల్ల నాకు అదే లేదు. గుంటూరు ఎండల్లో నీళ్ల సీసా లేకుండా వీధి చివరికి కూడా వెళ్లలేను. పైగా సెట్టు ఒరుసుకుని పుండు పడితే, రేడియేషన్ తగిలిన చోట అది తేలిగ్గా మానదు. ఎముక బయటపడి కుళ్లే ప్రమాదం కూడా ఉంది.

మొదట వెళ్లిన క్లినిక్‌లో రేడియేషన్ సంగతి అడగకుండానే "రెండు నెలల్లో పళ్లు పెట్టేస్తాం" అన్నారు. నాకు భయం వేసి వచ్చేశాను. రెండోచోట డాక్టరుగారు ముందు అడిగింది రేడియేషన్ కాగితాలే. దవడలో ఏ భాగానికి ఎంత మోతాదు పడిందో చూసి, తక్కువ పడిన గడ్డం ముందు భాగాన్నే ఎంచుకున్నారు. నోరు రెండు వేళ్ల మందం కూడా తెరుచుకునేది కాదు, దానికి నెలల తరబడి వ్యాయామం చేయించారు. ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో దిగే టైటానియం స్క్రూలు, బిగించాక వాటిని ఎముక పట్టుకోవడానికి మామూలుగా మూడు నెలలు చాలునట. నాకు ఆరు నెలలు ఆగారు. ఆ ఓపికే నన్ను కాపాడిందని నా గట్టి నమ్మకం. మీరు ఎవరి దగ్గరకు వెళ్లినా ఆ కాగితాలు అడుగుతారో లేదో చూడండి.

ఇప్పుడు కొత్త కట్టుడు పళ్ల సెట్టును స్క్రూల తలలపై పెట్టి వేలితో నొక్కితే టక్కున కూర్చుంటుంది. మొదటి రోజు ఆ చప్పుడు కోసమే నాలుగుసార్లు తీసి పెట్టుకున్నాను. పప్పన్నం, మెత్తటి చపాతీ, పలచగా కోసిన జామముక్కలు ఇప్పుడు నమలగలను. జంతికలు మాత్రం వద్దు. గోంగూర పచ్చడి ఇప్పటికీ మండుతుంది, ఆ మంటకు ఇంప్లాంట్ చేయగలిగింది లేదు.

పని కూడా ఉంది. రాత్రి సెట్టు తీసి, స్క్రూల చుట్టూ చిన్న బ్రష్‌తో తోమాలి. పై పళ్లు పుచ్చకుండా ట్రేలో ఫ్లోరైడ్ జెల్ వేసి పెట్టుకోవాలి. సెట్టు లోపలి నైలాన్ రింగులు వదులైతే మార్పించుకోవాలి, నేను రెండుసార్లు మార్పించాను. రెండో ఏడు శుభ్రం చేయడంలో అశ్రద్ధ చేస్తే కుడివైపు చిగురు వాచింది, ఎక్స్‌రేలో అక్కడ ఎముక కొంచెం తగ్గింది. అది అప్పటినుంచి అక్కడే ఆగింది. ఎడమది గట్టిగా ఉంది. ఆరు నెలలకోసారి ఎక్స్‌రేకు వెళుతూనే ఉన్నాను.