క్లమాటో: తీపిని దారిలో పెడితే మంచి సీసానే

మూత తీసి ఉత్తదే తాగితే మాట్స్ కంపెనీ క్లమాటో జ్యూస్ నాకు నచ్చదు. నాలుకకి ముందు తగిలేది తీపి. ఆ వెనక టమాటా, ఉప్పు, ఉల్లి వెల్లుల్లి పొడుల వాసన. సముద్రం సంగతి చివర్లో, అదీ వెతుక్కుంటేనే. కానీ అందులో పులుపూ కారమూ పడి, వోడ్కాతోనో బీరుతోనో కలిసిందంటే, కెనడాలోని కాల్గరీలో మా ఇంటికి వచ్చే తెలుగువాళ్లలో రెండో గ్లాసు అడగనివాళ్లు తక్కువ. అందుకే పెద్ద సీసా, అంటే 1.89 లీటర్లది, మా ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉంటుంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఇది టమాటా గుజ్జు, మసాలాలు, గుల్లల రసం కలిపిన జ్యూస్. గుల్లలంటే మన తీరంలో కాల్చి సున్నం చేస్తారే, ఆ జాతివే. వాటి మాంసం ఉడికించిన రసాన్ని ఎండబెట్టి పొడిగా వేస్తారు. "తాగేదాంట్లో నీచు వాసనేంటమ్మా!" అని మా బావగారు గ్లాసు పక్కకి జరిపేశారు. లేబుల్ చూపించాను. గుల్లల పేరు జాబితాలో బాగా కింద ఉంటుంది, ఉప్పు కంటే కింద. వాసన కోసం వేసేది కాదది. టమాటాలో సహజంగా ఉన్న, రుచిని పెంచే గ్లుటమేట్‌కి తోడు ఇందులో విడిగా అజినొమోటో కూడా వేస్తారు. గుల్లల రసం ఆ రుచిని ఇంకా పైకి లేపుతుంది. ఉత్త టమాటా జ్యూస్ చప్పగా అనిపించే చోట ఇది నోరంతా నిండినట్టు ఉండడానికి కారణం అదే. బావగారు అదంతా విని, సరే పొయ్యి అన్నారు.

ఈ జ్యూస్‌తో చేసే సీజర్ అనే వోడ్కా కాక్‌టెయిల్ పుట్టింది మా ఊళ్లోనే. 1969లో కాల్గరీ ఇన్ హోటల్లో కొత్తగా ఇటాలియన్ రెస్టారెంట్ తెరుస్తూ, దానికోసం ఒక డ్రింక్ తయారుచెయ్యమని అక్కడ పనిచేసే వాల్టర్ చెల్‌కి అప్పజెప్పారు. ఆయన మనసులో ఉన్నది గుల్లలు వేసి చేసే స్పగెటీ. గుల్లల్ని నలిపి రసం తీసి టమాటా రసంలో, వోడ్కాలో కలిపాడు. క్లమాటో సీసా అప్పటికే అమెరికాలో ఉంది. అది చేతికొచ్చాక గుల్లలు నలిపే శ్రమ ఎవరు పడతారు? ఇప్పుడు మే నెలలో విక్టోరియా డే సెలవుకి ముందొచ్చే గురువారాన్ని సీజర్ డే అని చేసుకుంటారు. వాంకూవర్‌లో ఒక బార్‌వాళ్లయితే గ్లాసు మీద బర్గర్, నిండు కోడి కూడా గుచ్చి అమ్మారు. తాగడానికి నోరు ఎక్కడ పెట్టాలో మరి!

ఇక్కడివాళ్ల కొలత గుర్తుపెట్టుకోవడం తేలిక. ఒక ఔన్సు వోడ్కా, అంటే 30 మి.లీ., రెండు చుక్కలు హాట్ సాస్, మూడు చిటికెలు ఉప్పూ మిరియాలూ, నాలుగు చుక్కలు వూస్టర్ సాస్ (పుల్లగా ఉప్పగా ఉండే నల్లటి సాస్), పైన క్లమాటో. గ్లాసు అంచుకి నిమ్మరసం రాసి సెలరీ ఉప్పు, అంటే సెలరీ గింజల పొడి కలిపిన ఉప్పు అద్దుతారు. ఇందులో నాకున్న తగాదా పులుపుతో. ఇంత తీపి జ్యూస్‌కి అంచున వేలాడే ఒక్క నిమ్మచెక్క ఏ మూలకి? నేను సగం నిమ్మకాయ పూర్తిగా పిండుతాను. వూస్టర్ సాస్‌లో చింతపండు ఉంటుంది కాబట్టి దాన్ని ఆరేడు చుక్కలదాకా పెంచినా రుచి చెడదు, తీపి ఇంకాస్త వెనక్కి తగ్గుతుంది. కారానికి రెండు చుక్కల సాస్ మనకి ఆనదు. పచ్చిమిరపకాయ చీల్చి వోడ్కాలో గంటసేపు ఉంచి తీసెయ్యండి. మసాలా వేసిన స్పైసీ రకం విడిగా దొరుకుతుంది కానీ దాని జోలికి వెళ్లొద్దు, అందులో కారం ఎంతుండాలో మన చేతిలో ఉండదు.

అంచుకి సెలరీ ఉప్పే అసలైనది. వాము వాడి చూశాను, మిగతా వాసనలన్నిటినీ అదే తినేస్తుంది. చల్ల మిరపకాయలు నల్లబడేదాకా వేయించి, చేత్తో నలిపి ఉప్పులో కలిపి అద్దితే మాత్రం కెనడావాళ్లు కూడా అదేంటని అడుగుతారు.

కలపడంలో ఒక జాగ్రత్త. షేకర్లో వేసి కొట్టకూడదు. డౌన్‌టౌన్‌లో ఒకచోట అలా కొట్టి ఇచ్చారు, పైన గులాబీరంగు నురుగు, కింద నీళ్లు. రెండు గ్లాసులు తీసుకుని టీ తిరగబోసినట్టు నాలుగైదుసార్లు మెల్లగా అటూ ఇటూ పొయ్యాలి. జ్యూస్ ముందే బాగా చల్లగా ఉండాలి, ఐసుముక్కలు పెద్దవి వాడాలి. పోసే ముందు సీసాని ఊపడం మర్చిపోవద్దు, గుజ్జంతా అడుగున చేరుతుంది.

దీనికి పోటీగా వాల్టర్ అని గాజు సీసాలో ఇంకో మిక్స్ వస్తుంది. ఖరీదు ఎక్కువ. చిక్కగా ఉంటుంది, అజినొమోటో వెయ్యరు, తీపి తక్కువ. వోడ్కాతో సీజర్ చేసుకుని నిదానంగా తాగేవాళ్లకి అదే కొనమంటాను. బీరుకి మాత్రం క్లమాటోనే. మెక్సికోవాళ్లు దీన్ని బీరులో పోసి మిచెలాడా చేస్తారు. సగం లేత లాగర్ బీరు, సగం క్లమాటో, నిమ్మరసం, ఉప్పు, హాట్ సాస్. ఇక్కడ ఆ పలచదనమూ ఆ తీపీ బీరు చేదుకి సరిగ్గా సరిపోతాయి. చిక్కటి మిక్స్ బీరులో పోస్తే సూప్ అయిపోతుంది. జూలైలో మా ఊరి కౌబాయ్ ఉత్సవం స్టాంపీడ్ రోజుల్లో ఎండలో తిరిగొచ్చాక దీన్ని మించింది లేదు. ఉప్పు ఎక్కువే, బీపీ మందులు వేసుకునేవాళ్లు లేబుల్ మీద సోడియం అంకె చూసుకోండి.

ఇంకో మాట, పార్టీ ఇచ్చేవాళ్లకి. వోడ్కా లేకుండా ఇచ్చినా ఇది శాకాహారం కాదు. చూడ్డానికి టమాటా జ్యూసే కాబట్టి మాంసం ముట్టని పెద్దవాళ్లు నమ్మి తాగేస్తారు. గుల్లలూ నత్తలూ పడని అలర్జీ ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం. మామూలు వూస్టర్ సాస్‌లో కూడా చిన్నచేపలు ఉంటాయి. వాళ్లకి నేను విడిగా ఒక జగ్గు పెడతాను. ఉత్త టమాటా జ్యూస్, ఎండు షిటాకే పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లు కొంచెం, చింతపండు రసం, సోయా సాస్. జగ్గు మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి, రెండూ ఒకే రంగులో ఉంటాయి.